బిడ్డకు ఏ వృత్తి మేలు?

ప్రతి సంవత్సరము పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన కొలది దినములలో మా యొద్దకు వచ్చు రైతుల సంఖ్య, విత్తనములను గూర్చి యడుగ వచ్చువారి సంఖ్యను మించుచున్నది. సంఘ కార్యాలయపు అరుగుమీద కూర్చుండి, భుజముమీది తువ్వాలు తీసి మోకాళ్లపై నుంచుకొని వారడుగు ప్రశ్న యొక్కటియే. "మావాడు ప్యాసయినాడండీ. ఇక ఏ చదువులో వేయమంటారు?" ఎరువుల మోతాదు చెప్పువానిని బిడ్డ చదువును గూర్చి యడుగుట కొందఱికి వింతగా తోచవచ్చును. రైతునకు మాత్రమది వింత కాదు. రెండును విత్తుటయే యని యాతని భావము. చేనిలో వేసిన విత్తు మొలవకున్న నొక కారు పోవును. బిడ్డ విషయమున తప్పటడుగు వేసినచో పదేండ్ల కాలమును, ఒక్కొక్కప్పుడు తాతలనాటి భూమియు పోవును. కావున ఈ విషయమును సభ్యుల యెదుట వివరముగా నుంచుట మా విధియని యెంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

గత వేసవిలో మా సంఘ సభ్యులలో నొకరు చేత నొక కాగితముతో వచ్చిరి. వారికి గల భూమి రెండెకరముల మాగాణి. అందొక యెకరమును అమ్మి, చాలనిదానికి వడ్డీకి తెచ్చి, కుమారుని నగరమున నింటర్మీడియటునకును, పిదప ఇంజనీరింగునకును పంపవలెనని వారి సంకల్పము. కాగితమున ఒక కళాశాల ఏజెంటు వ్రాసి యిచ్చిన ఫీజుల వివరములు కలవు. బాలుడు తండ్రి వెనుక నిలువబడి నేల చూచుచుండెను. నీ మనసులో నేమున్నదని మేమడుగగా, పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో చేరవలెనని యున్నదని మెల్లగా చెప్పెను. తండ్రి ముఖము చిన్నవోయెను. "గేదెల చదువుకు పంపితే మావాళ్లలో తలెత్తుకోలేనండీ" అనిరి.

ఆ మాటలో తప్పు పట్టుటకు మాకు మనసు రాలేదు. జన్మమంతయు బురదలో నిలిచిన తండ్రి, తన బిడ్డ నీడను కూర్చుండి భోజనము చేయవలెనని కోరుట సహజము. కాని మంచి యుద్యోగమనగా నేమి యను ప్రశ్నకు మనము ఇరుగుపొరుగు వారి నోటివెంట వచ్చిన సమాధానమునే పట్టుకొని వ్రేలాడుచున్నాము. దూరపు కొండలు నునుపు. దగ్గఱి కొండను ఎక్కి చూచినవారును తక్కువ, దూరపు కొండ రాళ్లను లెక్కించినవారును తక్కువ.

ఏ వృత్తినైనను మూడు తూకములతో తూచవలెనని మా యభిప్రాయము. మొదటిది భారము: ఆ పని మనసుమీదను శరీరముమీదను మోపు బరువు. రెండవది ప్రయోజనము: ఆ పనివలన నితరులకు కలుగు మేలు. మూడవది ప్రతిఫలము: ఖర్చులు పోగా చేతికి మిగులు సొమ్ము. కోటి విద్యలు కూటికొఱకే యను సామెత సత్యమే. కాని తిన్న కూడు ఒంటబట్టవలెనన్న తక్కిన రెండు తూకములును సరిగా నుండవలెను.

భారము

బరువు లేని పని లోకమున లేదు. ఆ సంగతి రైతునకు మేము చెప్పనక్కఱలేదు. అయితే బండికెంత బరువు వేసితిమనునది యొక ప్రశ్న. పగ్గము ఎవరి చేతిలో నున్నది, ఎద్దులను ఎప్పుడు విప్పుదురు అనునవి వేఱు ప్రశ్నలు. ఈ రెండవ రకపు ప్రశ్నలే ముఖ్యమైనవని శాస్త్రజ్ఞులు చూపియున్నారు.

లండను నగరమునందలి ప్రభుత్వోద్యోగుల యారోగ్యమును గూర్చి 1967వ సంవత్సరమున నొక పెద్ద పరిశోధన ఆరంభమయ్యెను. సుమారు 18,000 మంది పురుషులను పరీక్షించి, పిదప ననేక సంవత్సరములు వారి క్షేమసమాచారములను కనిపెట్టిరి. పెద్ద బాధ్యతలు మోయు పై యధికారులకే గుండెజబ్బు ఎక్కువగా వచ్చునని జనులు తలచుచుండిరి. ఫలితము తలక్రిందుగా వచ్చెను. క్రింది మెట్టున నున్న యుద్యోగులలోనే గుండెజబ్బు మరణములు హెచ్చుగా నుండెను. పొగత్రాగుట, రక్తపు పోటు మొదలగు భేదములను లెక్కలోనికి తీసికొనినను ఆ వ్యత్యాసము పూర్తిగా పోలేదు. అందుమీద 1985లో మైకేల్ మార్మట్ అను వైద్యపండితుని నాయకత్వమున, 10,308 మంది స్త్రీ పురుషులతో రెండవ పరిశోధన మొదలు పెట్టిరి. తమ పనిని తాము నిర్ణయించుకొను స్వాతంత్ర్యము తక్కువగా నున్నవారికి గుండెజబ్బు హెచ్చుగా వచ్చుచున్నదని దానివలన తేలెను. అమెరికాలో రాబర్ట్ కరాసెక్ అను పండితుడు 1979లోనే ఈ సంగతిని సూత్రముగా చెప్పియుండెను. పని ఎక్కువయై, దానిమీద తనకధికారము లేకున్న మనిషి క్రుంగును. పని ఎక్కువైనను తన చేతిలో నున్నయెడల మనిషి నేర్చుకొనును, ఎదుగును.

ఈ మాటను మన చేలకు అన్వయించి చూడుడు. నాట్ల కాలమున రైతు తెల్లవాఱుజామున లేచి చీకటి పడువఱకు పాటుపడును. ఆ బరువు అతనిని చంపదు. ఎప్పుడు దున్నవలెనో ఏ మడి ముందు నాటవలెనో నిర్ణయించువాడు అతడే. నాట్లు ముగిసిన పిదప కొంత విశ్రాంతియు కలదు. అతనికి నిద్ర పట్టనీయనిది నాగలి కాదు, అతని చేతిలో లేని వానయు, మార్కెట్టు యార్డులోని ధరయు, నెల తిరుగకుండ వచ్చు వడ్డీయు. కాబట్టి బిడ్డ యుద్యోగమును గూర్చి విచారించునపుడు "పని కష్టమా?" యని మాత్రమే అడిగిన చాలదు. వేళలను ఎవరు నిర్ణయింతురు? తప్పుడు పని చెప్పినపుడు కాదనుటకు వీలున్నదా? బరువు కొంతకాలమునకైనను దిగునా? అని యడుగవలెను.

ఇచ్చట మా సంగతి కొంత చెప్పక తప్పదు. వ్యవసాయ ప్రదర్శకులము కాకపూర్వము రెండేండ్లు మేమొక పురుగుమందుల కంపెనీలో, ఊరూర తిరిగి మందులమ్ము పనిలో నుంటిమి. జీతము నేటి మా పనికి తొలినాళ్లలో వచ్చినదానికంటె ఎక్కువ. మోటారు సైకిలిచ్చిరి. ఊరిలో గౌరవమును పెరిగెను. కాని నెలనెల ఇంత సరకు అమ్మవలెనను లెక్క యొకటి మెడమీద నుండెను. నెలాఖరున ఆ లెక్క నిండకున్న, పురుగు లేని చేనికిని మందమ్మవలసి వచ్చుచుండెను. ఒకనాడొక ముసలి రైతు, "మీరు చెప్పారు కదా బాబూ" అని నమ్మి, అవసరము లేని డబ్బా కొని, భార్య కొంగు ముడి విప్పి సొమ్మిచ్చెను. ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. మిషను పాఠశాలలో మాకు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయులు, తప్పు తూకము వేసిన చేయి తన యింటనే తక్కువ తినునని చెప్పుచుండెడివారు. ఆ మాట చెవిలో మ్రోగెను. ఆఱు నెలలకు ఆ పని మానితిమి. జీతము తగ్గెను, నిద్ర వచ్చెను. ఆ తరువాత మా ప్రదర్శన క్షేత్రములలో పంటలు చెడిన సంవత్సరములును కలవు, రైతులచేత మాటలు పడిన దినములును కలవు. అవి బరువులే. కాని తలవంపులు కావు.

ప్రయోజనము

పనిలో సారము లేనపుడు తేలిక పనియు మోయలేని బరువగును. దీనికి సహకారోద్యమ చరిత్రలోనే గొప్ప దృష్టాంతము కలదు.

వర్గీస్ కురియన్ అను యువకుడు ప్రభుత్వ విద్యార్థివేతనముతో అమెరికాలో చదివెను. దానికి బదులుగా కొంతకాలము ప్రభుత్వమునకు సేవ చేయవలసిన కట్టుబాటు ఉండెను. ఆ కట్టుబాటు ననుసరించి 1949వ సంవత్సరము మే నెలలో, నేటి గుజరాతు రాష్ట్రమునందలి ఆనంద్ పట్టణమున నొక చిన్న ప్రభుత్వ క్రీమరీలో చేరెను. అచ్చట పని స్వల్పము, విసుగు అధికము. ఎప్పుడు విడుదల దొరకునా యని యెదురుచూచుచుండెను. విడుదల దొరికి వెళ్లిపోవనున్న సమయమున, 1946లో పాలరైతులు స్థాపించుకొనిన కైరా జిల్లా సహకార సంఘపు అధ్యక్షులైన త్రిభువన్‌దాస్ పటేలుగారు, మా యంత్రములను నెలకొల్పి పొండని కోరిరి. కొలది నెలలకని నిలిచిన కురియన్ జీవితమంతయు నచ్చటనే గడపెను. గేదెపాలను పొడిగా చేయుట కుదరదని విదేశీయ నిపుణులు చెప్పుచుండగా, ఆయన సహోద్యోగి దలాయా చేసి చూపెను. ఆ పొడి తయారు చేయు కర్మాగారము 1955లో తెఱువబడెను. అముల్ అను పేరు దేశమంతట వ్యాపించినది ఈ సంఘమునుండియే. కురియన్ 2012లో కాలధర్మము నొందువఱకును ఆనంద్ ఆయన యూరు.

ఇందు గమనింపదగినది యేమి? మొదటి యుద్యోగమున బరువు లేదు, అయినను పారిపోదునని యనిపించెను. రెండవదానిలో బరువు పదింతలు, అయినను నిలిచెను. ఇంజనీరుగా హెచ్చు జీతమిచ్చు కంపెనీలకు పోగలిగియు పోలేదు. ఉదయమున పాలు తెచ్చిన రైతు సాయంకాలమున సొమ్ము చేతపట్టుకొని పోవుట కంటికెదురుగ కనబడిన పనిలో అలసట వేఱు విధముగా నుండును. చేసిన మేలు కంటికి కనబడు దూరములో నుండుట పల్లెటూరి వృత్తుల కున్న గొప్ప సౌకర్యము.

ప్రతిఫలము

మేలు కనబడినంత మాత్రమున కడుపు నిండదు. ప్రతిఫలము చాలని వృత్తిని త్యాగమను పేరిట బిడ్డలకు చూపుట న్యాయము కాదు. కాని జీతమును తూచు విధమున మనము పొరపాటు పడుచున్నాము. పంట లెక్కలో దిగుబడి వేఱు, లాభము వేఱు అని చెప్పిన ప్రతి రైతునకు తెలియును. జీతమును గూర్చి మాత్రము దిగుబడినే చూచి మురిసిపోవుచున్నాము.

ఒక లెక్క వేయుదము. చదువు నిమిత్తము 5 లక్షల రూపాయలు నూటికి సంవత్సరమునకు 11 రూపాయల వడ్డీకి బ్యాంకులో తెచ్చి, ఏడేండ్లలో నెలవాయిదాలుగా తీర్చినచో, నెలకు సుమారు 8,560 రూపాయలు కట్టవలసి యుండును. మొత్తము కట్టునది 7 లక్షల 19 వేలు. ఆ 5 లక్షలనే ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో, నెలకు 10,000 రూపాయలు వడ్డీయే యగును. అసలు అట్లే యుండును.

ఇప్పుడిద్దఱు యువకులను ఊహింతము. అంకెలు ఉదాహరణము నిమిత్తమే. మొదటివానికి నగరమున నెలకు 30,000 జీతము. గది యద్దె, భోజనము 13,000. ప్రయాణములు, ఫోను, బట్టలు 4,000. బ్యాంకు వాయిదా 8,560. మిగులు 4,440 రూపాయలు. రెండవవానికి మండల కేంద్రమున 18,000 జీతము. ఇంటనే యుండును. ఇంటి ఖర్చుకు 4,000 ఇచ్చును, పెట్రోలు మొదలగువానికి 3,000 పోవును. అప్పు లేదు. మిగులు 11,000 రూపాయలు. మొదటివాని జీతము ముందుముందు త్వరగా పెరుగవచ్చును, ఏడేండ్లకు వాయిదాలును తీరును. ఆ సంగతియు లెక్కలో వ్రాయవలెను. కాని అమ్మిన యెకరము ఏటేట నిచ్చెడి ధాన్యమును గూడ లెక్కలో వ్రాయవలెను. ఆ యెకరము మరల కొనుట సులభమా యని తన్ను తానడుగుకొనవలెను.

నాలుగు వృత్తులను తూచి చూతము

మొదటిది పశుసంవర్ధకము. తిరుపతియందు 2005లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము క్రిందను, తెలంగాణలో పి.వి. నరసింహారావు పేరిట నున్న పశువైద్య విశ్వవిద్యాలయము క్రిందను గల పాలిటెక్నిక్‌లలో, పదవ తరగతి పిమ్మట రెండేండ్ల డిప్లొమా కలదు. ఈ పని ప్రయోజనము పాడి కల ప్రతి యింటికిని తెలియును. గేదె ఒక్క ఎద తప్పినచో మరల ఎదకు వచ్చుటకు సుమారు 21 దినములు పట్టును. ఆ మూడు వారముల మేత వట్టిపోయిన గేదెకు పెట్టిన మేత. సకాలమున సూదిపట్టించు చేయి ఊరిలో నున్నచో ఆ నష్టము తప్పును. భారమన్ననో, అర్ధరాత్రి ఈతలకు పిలుపులు వచ్చును. తన్నులు తగులును. ప్రభుత్వ పదవి దొరికినవారికి వేతనము స్థిరము. అది అందఱికిని దొరకదు. గోపాలమిత్రలుగా పనిచేయువారి సేవ గొప్పదైనను ఉద్యోగ భద్రత తక్కువ. మఱియొక మాట. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ననుసరించి డిప్లొమా గలవారు నమోదైన పశువైద్యుని పర్యవేక్షణలో చిన్న చికిత్సలు మాత్రమే చేయవలెను. ఆ హద్దు తెలిసి చేరుట మేలు.

రెండవది వ్యవసాయ డిప్లొమా. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయము, తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయము దీనిని నడుపుచున్నవి. ఇదియు పదవ తరగతి పిమ్మట రెండేండ్లే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ఏర్పడినపుడు ఇట్టి చదువు గలవారనేకులు గ్రామ వ్యవసాయ సహాయకులుగా నియమింపబడిరి. వారికి తొలుత నెలకు 15,000 రూపాయలే యిచ్చిరి. 2022లో క్రమమైన వేతనశ్రేణి వచ్చెను. తెలంగాణలో 5,000 ఎకరములకొక విస్తరణాధికారి యుండునట్లు ఏర్పాటు చేసిరి. ఈ పనిలో పొలమున తిరుగుటకంటె, ఫోనులో వివరములు నింపుటయు, పై నుండి వచ్చు లెక్కలును ఎక్కువ భారమని ఆ యువకులే మాతో చెప్పుచున్నారు. స్వతంత్రముగా నిలువగోరువారికి 2002లో మొదలైన అగ్రి క్లినిక్కుల పథకము కలదు. రాజేంద్రనగరమునందలి మేనేజ్ సంస్థ ఆధ్వర్యమున 45 దినముల శిక్షణ యిచ్చి, బ్యాంకు ఋణముపై స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగలవారికిని నూటికి 44 వంతులు, తక్కినవారికి 36 వంతులు రాయితీ యిచ్చు పద్ధతి ఇందు పెట్టిరి. నిబంధనలు మాఱుచుండును గావున దరఖాస్తుకు ముందు బ్యాంకులో విచారించుకొనవలెను. భూసార పరీక్ష, మొక్కల నర్సరీ, యంత్రముల అద్దె మొదలగు పనులు దీనికి తగినవి.

మూడవది యంత్రముల మరమ్మతు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదువు రెండేండ్లు, ట్రాక్టరు మెకానిక్ చదువు ఒక యేడు. దీనిని చిన్నచూపు చూచువారు, వరి పొట్టమీద నున్నపుడు బోరు మోటారు కాలినచో ఎవరి యింటి తలుపు తట్టుదురో ఆలోచింపవలెను. ఆ దినమున ఊరిలో కలెక్టరుకంటె మోటారు చుట్టువాడే గొప్పవాడు. కారుకాలమున రాత్రింబవళ్లు పని, తక్కిన కాలమున తీరిక. కొట్టు తనది, వేళలు తనవి. అనగా బరువు గలదు, పగ్గము తన చేతిలో గలదు. విద్యుత్తు ప్రాణాంతకమైనది గావున, నేర్వక చేయి పెట్టుట మాత్రము కూడదు. అరువు వసూలు కాకపోవుట ఈ వృత్తికి పట్టిన చీడ. అందులో తప్పు మెకానిక్కుది కాదు, మనది.

నాలుగవది మన సంఘముల కార్యదర్శి పని. ఒకప్పుడు పద్దులు వ్రాయుటయే యనుకొనెడివారము. 2022లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక పరపతి సంఘములకు కంప్యూటర్లు సమకూర్చు పథకమును ఆమోదించినది మొదలు ఈ పనికి చదువు తెలిసినవారి యవసరము హెచ్చెను. 2025లో ఆనంద్‌నందు త్రిభువన్‌దాస్ పటేలుగారి పేరిట సహకార విశ్వవిద్యాలయము పార్లమెంటు చట్టముచే ఏర్పడెను. నేటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరు సంఘము 1956లో పుట్టి నేటికిని రైతుల నమ్మకమును నిలుపుకొనుచున్నదన్న, దానికి పద్దులను శుభ్రముగా నుంచిన చేతులే మూలము. కాని ఇందు భారమెచ్చటనున్నదో దాచక చెప్పుదుము. పెద్దల యొత్తిడికి లోబడి తిరిగిరాని ఋణము వ్రాయుమన్నపుడు కార్యదర్శికి కాదనుటకు అండ లేకున్న, ఆ కుర్చీ ముండ్లకుర్చీ యగును. ఆ యండ నీయవలసినవారు సభ్యులే. తమ పిల్లలకు మంచి యుద్యోగము కావలెనని కోరు మనము, మన చేతిలో నున్న యుద్యోగమునైనను మంచిదిగా చేయవలదా?

మూడును సమముగా దొరకునా?

దొరకవు. దొరికినవని చెప్పువాని మాట నమ్మవలదు. నర్సుల వృత్తినే చూడుడు. కుమార్తెలను ఇందు చేర్పింపగోరు తల్లిదండ్రులు పలువురు మమ్మడుగుచున్నారు. ప్రయోజనమున దీనికి సాటి వచ్చు పనులు తక్కువ. రాత్రిపాళీలు, ఎడతెగని నిలుకడ, ఎదుట మరణము, ఇది భారము. పెక్కు ప్రైవేటు ఆసుపత్రులలో ప్రతిఫలము ఆ భారమునకు తగినట్లు లేదు. అయినను శిక్షణ పూర్తియైనవారికి దేశవిదేశములందు పని దొరకుచున్నది. ఆ బాలికకు రోగుల సేవయందు మనసున్నచో మంచిది. మనసు లేక, పెండ్లి సంబంధమునకు పనికివచ్చునని పంపినచో రెండువిధముల నష్టము.

ఇంజనీరింగు చెడ్డదని మేము చెప్పుటలేదు. గణితమున బుద్ధి చొచ్చిన బాలునకది మంచి దారి. అట్టివానిని అడ్డుట పాపము. మేము చెప్పునదేమనగా, భారము భరింపదగినదై, ప్రతిఫలము అప్పు లేకుండ ఇల్లు నడుపుటకు చాలునదై యుండవలెను. ఈ రెండును ఒక మట్టమునకు చేరిన పిమ్మట, ప్రయోజనము ఎక్కువగా నున్నదానిని ఎన్నుకొనవలెను. జీతమునకు జీతమే చూచుకొనుచు పోయినచో ఎంతైనను చాలదు. పొరుగువాని జీతము ఎల్లప్పుడు మన జీతముకంటె కొంచెము ఎక్కువగానే యుండును.

సంతకము చేయుటకు ముందు

భూమి అమ్మకపు కాగితముమీద గాని, ఋణపత్రముమీద గాని సంతకము చేయుటకు ముందు, తల్లిదండ్రులు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ యయిదు ప్రశ్నలకు సమాధానములు వ్రాయవలెను.

1. ఈ పని చేయుచున్న మనిషిని ఎవరినైనను కలిసితిమా? అతని పండుగ దినమును గాక మామూలు దినమును చూచితిమా?

2. అద్దె, భోజనము, ప్రయాణము, వాయిదా పోగా మొదటి యైదేండ్లలో నెలకెంత మిగులును?

3. చదువు మధ్యలో ఆగినను, ఉద్యోగము రెండేండ్లు ఆలస్యమైనను, ఇల్లు నిలుచునా?

4. ఈ పనివలన ఎవరికి మేలు? ఆ మేలు చేయువానికి కనబడునా?

5. బిడ్డ యేమనుచున్నాడు? మనము విన్నామా, విన్నట్లు నటించితిమా?

కడపటి ప్రశ్నను గూర్చి యొక మాట. పరీక్ష తప్పిన బిడ్డ తండ్రి ముఖము చూచుటకు భయపడి ప్రాణము తీసికొనిన వార్తలను మనము ప్రతి సంవత్సరము చదువుచున్నాము. బిడ్డ మౌనముగా నుండుట, అన్నము మానుట, నిద్ర లేకుండుట కనబడినచో చదువు మాట కట్టిపెట్టి బిడ్డ మాట వినవలెను. 2022 నుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో మానసిక వైద్య సలహా ఉచితముగా దొరకుచున్నది. ఈ సంఖ్యను సంఘపు గోడమీద వ్రాయించితిమి.

ఇక మొదట చెప్పిన సభ్యుని సంగతి. నిర్ణయము మమ్మే చేయుమని వారు కోరిరి. మేము చేయలేదు. ఇతరుల బిడ్డమీద మన కధికారము లేదు. ఈ లెక్కలే వేసి చూపి, మొదటి ప్రశ్నకు సమాధానము తెచ్చుకొండని పంపితిమి. పది దినములకు మరల వచ్చిరి. తండ్రియు కుమారుడును మండల కేంద్రమునందలి పశువైద్యశాలలో నొకనాడు ఉదయము మొదలు సాయంకాలమువఱకు కూర్చుండిరట. మధ్యాహ్నమున ఈత కష్టమైన గేదె నొకదానిని బండిమీద తెచ్చిరి. మనుషులు చాలకపోగా బాలుడు చొక్కా విప్పి చేయి సాయము పట్టెను. దూడ బ్రదికెను. "మావాడు ఆ పూట అన్నానికి కూడా లేవలేదండీ. ఇంటికొచ్చి వాళ్లమ్మకు రాత్రి పన్నెండింటిదాకా చెప్పినాడు" అని తండ్రి చెప్పుచు నవ్విరి. ఏజెంటు ఇచ్చిన కాగితము వారి జేబులో లేదు.

బాలుడు పాలిటెక్నిక్‌లో చేరి యిప్పుడు చదువుచున్నాడు. అతనికి రేపు ఉద్యోగము దొరకునో, సుఖపడునో యిప్పుడే చెప్పుటకు మేము జ్యోతిష్కులము కాము. ఆ యెకరము మాత్రము అమ్ముడుపోలేదు. ఈ కారు దానిలో వరి నాటిరి.

మన సభ్యుల కుటుంబములలో ఇట్టి వృత్తులు చేయు యువకులును యువతులును పలువురు కలరు. ఫలితములు వెలువడిన పిమ్మట వచ్చు మొదటి ఆదివారమున వారు సంఘపు అరుగుమీదికి వచ్చి, తమ పనిలోని మంచిచెడ్డలను, జీతమును, అలసటను దాపఱికము లేక పిల్లలకు చెప్పవలెనని కోరుచున్నాము. విత్తనము కొనుటకు ముందు మొలకశాతము చూచుకొనువారము, బిడ్డల విషయమున ఆ పాటి జాగ్రత్తయైనను చూపుదుము గాక.